ఐసీయూలో సెప్సిస్ ఎందరికి? లెక్క మారేది ఎక్కడ

పన్ను సెప్టిక్ అయింది, పుండు సెప్టిక్ అయింది అనే మాట తెలుగు ఇళ్లలో పాతదే. చీము పట్టడం, గాయం కుళ్లడం ఆ మాటకు అర్థం. అందుకే ఐసీయూ తలుపు తీసుకుని వచ్చిన డాక్టరు "సెప్సిస్ అయింది" అని చెప్పగానే బయట కూర్చున్న వాళ్లు అయోమయంలో పడతారు. "పుండేమీ లేదు కదండీ, నాలుగు రోజుల జ్వరమే కదా" అంటారు. వాళ్ల సందేహంలో తప్పు లేదు. పాత మాటకూ కొత్త మాటకూ మధ్య చాలా దూరం ఉంది. సెప్సిస్ అంటే ఇన్ఫెక్షన్ ఒక్కటే కాదు. ఇన్ఫెక్షన్‌తో పోరాడే క్రమంలో శరీరం అదుపు తప్పి తన అవయవాలను తానే దెబ్బతీసుకునే స్థితి అది. క్రిములు చేరింది ఊపిరితిత్తుల్లోనే అయినా మూత్రపిండాలు ఆగిపోతాయి, బీపీ పడిపోతుంది, మనిషి మాటకు పలకడు.

2017 సంవత్సరానికి వేసిన అంచనా ప్రకారం ప్రపంచవ్యాప్తంగా ఒక్క ఏడాదిలో 4.89 కోట్ల మందికి సెప్సిస్ వచ్చింది. దానితో ముడిపడిన మరణాలు 1.1 కోట్లు. ఆ ఏడాది చనిపోయిన ప్రతి ఐదుగురిలో దాదాపు ఒకరన్నమాట. అదే ఏడాది మే నెలలో ప్రపంచ ఆరోగ్య సభ సెప్సిస్‌ను నివారించాలి, త్వరగా గుర్తించాలి అని సభ్యదేశాలకు తీర్మానం చేసి చెప్పింది. ఇంత పెద్ద సమస్యకు మూలమైన ప్రశ్న మాత్రం చాలా చిన్నదిగా కనిపిస్తుంది. ఐసీయూలో ఉన్న వాళ్లలో ఎంతమందికి సెప్సిస్ ఉంది?

మన దేశంలో ఈ ప్రశ్నకు రెండు ముఖ్యమైన జవాబులున్నాయి. 2010, 2011 సంవత్సరాల్లో నాలుగు రోజులు ఎంచుకుని, దేశంలోని సుమారు 120 ఐసీయూల్లో నాలుగు వేల మందికి పైగా రోగుల వివరాలు సేకరించిన ఇండికాప్స్ అధ్యయనంలో తీవ్ర సెప్సిస్ గానీ, బీపీ నిలబడనంతగా ముదిరిన సెప్టిక్ షాక్ గానీ ఉన్నవాళ్లు 28.3 శాతం. ఆ తర్వాత 35 ఐసీయూల్లో 677 మంది పెద్దవాళ్లను పరిశీలించి 2022లో వెలువరించిన అధ్యయనంలో అది 56.4 శాతం. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే పదేళ్లలో జబ్బు రెట్టింపైంది అనిపిస్తుంది. పత్రికకు శీర్షిక కూడా సిద్ధంగా ఉన్నట్టే. కానీ ఆ మాట అనడానికి వీల్లేదు. మొదటిసారి కొలిచిన గజంబద్ద వేరు, రెండోసారి కొలిచినది వేరు. ఆసుపత్రులూ అవే కావు.

ముందు గజంబద్ద సంగతి. 1991లో అమెరికా వైద్య సంఘాలు రెండు కలిసి కూర్చుని నాలుగు లక్షణాలు నిర్ణయించాయి. ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్ దాటడం లేదా 36 కన్నా తగ్గడం. నాడి నిమిషానికి 90 దాటడం. ఊపిరి నిమిషానికి 20 సార్లు దాటడం. తెల్ల రక్తకణాలు 12,000 దాటడం లేదా 4,000 కన్నా తగ్గడం. ఈ నాలుగింటిలో ఏ రెండు ఉన్నా, వాటికి ఇన్ఫెక్షన్ కారణమైతే సెప్సిస్. అవయవం కూడా దెబ్బతింటే తీవ్ర సెప్సిస్. ఇక్కడ చిక్కేమిటంటే, బస్సు కోసం పరిగెత్తిన మనిషికి కూడా నాడి 90, ఊపిరి 20 దాటుతాయి. ఐసీయూలో పడుకున్న మనిషి సంగతి చెప్పనక్కర్లేదు. ఆపరేషన్ అయినవాళ్లు, కాలిన గాయాలవాళ్లు, పాంక్రియాస్ వాచినవాళ్లు, అందరూ ఈ జల్లెడలో పడతారు.

అలాగని ఈ జల్లెడ అందరినీ పట్టుకుందా అంటే అదీ లేదు. ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలోని 172 ఐసీయూల్లో 2000 నుంచి 2013 దాకా చేరిన దాదాపు 11.7 లక్షల మంది రికార్డులను 2015లో పరిశీలించారు. ఇన్ఫెక్షన్ ఉండి, అవయవం దెబ్బతిన్నవాళ్లు వాళ్లలో లక్షా తొమ్మిది వేల పైచిలుకు. వాళ్లలోనే ప్రతి ఎనిమిది మందిలో ఒకరికి ఆ నాలుగు లక్షణాల్లో రెండు కూడా లేవు. ముసలివాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు, నాడి పెరగనివ్వని బీపీ మందులు వాడేవాళ్లు ఇలా జారిపోతారని వైద్యులకు ముందునుంచే అనుమానం. లెక్కలో ఆ మనుషులు లేరు, పడక మీద మాత్రం ఉన్నారు.

2016లో నిర్వచనం మార్చారు. జ్వరాన్నీ నాడినీ పక్కన పెట్టి అవయవాల మీద దృష్టి పెట్టారు. సోఫా అనే స్కోరు ఆరు వ్యవస్థలను చూస్తుంది. ఊపిరితిత్తులు ఆక్సిజన్ ఎంత అందిస్తున్నాయి, ప్లేట్‌లెట్లు ఎన్ని, కాలేయం సంగతి చెప్పే బిలిరుబిన్ ఎంత, బీపీ నిలబడటానికి మందు ఎక్కించాల్సి వస్తోందా, మెలకువ ఎలా ఉంది, కిడ్నీల సంగతి చెప్పే క్రియాటినిన్ ఎంత, మూత్రం వస్తోందా. ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు మార్కులు. ఇన్ఫెక్షన్ వల్ల ఈ స్కోరు మునుపటి కన్నా రెండు గానీ అంతకన్నా ఎక్కువ గానీ పెరిగితే అది సెప్సిస్. అవయవం దెబ్బతినని స్థితికి ఇక సెప్సిస్ అనే పేరే లేదు కాబట్టి "తీవ్ర సెప్సిస్" అనే మాట అవసరం లేకుండా పోయింది. ద్రవాలు తగినంత ఎక్కించాక కూడా బీపీ నిలబడటానికి మందు కావాల్సి రావడం, కణాలకు ఆక్సిజన్ సరిగా అందనప్పుడు పెరిగే లాక్టేట్ రక్తంలో లీటరుకు 2 మిల్లీమోల్స్ దాటి ఉండటం, ఈ రెండూ కలిస్తే సెప్టిక్ షాక్. అలాంటివాళ్లలో ఆసుపత్రిలోనే నూటికి నలభై మందికి పైగా చనిపోతారని నిర్వచనం రాసినవాళ్లే చెప్పారు.

ఈ కొత్త పద్ధతి పాతదానికన్నా మెరుగే. అయినా దాన్ని తెచ్చి మన జిల్లాల్లో పెట్టినప్పుడు "మునుపటి కన్నా" అనే చిన్న మాట దగ్గర కథ అడ్డం తిరుగుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానాన్ని తీసుకోండి. మధుమేహం, బీపీ లాంటి మామూలు కారణాలేవీ కనిపించకుండానే కిడ్నీ జబ్బు దశాబ్దాలుగా పీడిస్తున్న ప్రాంతం అది. అక్కడి జీడితోటలో పనిచేసే మనిషికి క్రియాటినిన్ 2.4 ఉండవచ్చు, ఆ సంగతి అతనికి తెలియకపోవచ్చు. సోఫా లెక్కలో 2 నుంచి 3.4 దాకా క్రియాటినిన్‌కు రెండు మార్కులు. అతనికి న్యుమోనియా వచ్చి ఐసీయూలో చేరితే, పాత రిపోర్టు చేతిలో లేకపోతే, మునుపటి స్కోరు సున్నా అనుకోమనే నిర్వచనం చెబుతుంది. అంటే కొత్తగా ఏ అవయవమూ దెబ్బతినకుండానే ఆ మనిషి సెప్సిస్ లెక్కలోకి వచ్చేస్తాడు. అతని పాత రక్తపరీక్ష కాగితం ఇంట్లో అటక మీద సంచిలో ఉందా, ఆసుపత్రికి తెచ్చారా అన్నదాని మీద ఒక జాతీయ గణాంకం ఆధారపడటం ఆలోచించాల్సిన విషయం.

రెండో మెలిక "ఇన్ఫెక్షన్ వల్ల" అన్న షరతు. పొలంలో కాటేసిన రక్తపింజరి విషం ప్లేట్‌లెట్లను తగ్గిస్తుంది, కిడ్నీలను ఆపుతుంది. పురుగుమందు తాగిన మనిషికి మెలకువ పోతుంది, ఊపిరి ఆడక వెంటిలేటర్ పెడతారు. మే నెలలో వడదెబ్బ తగిలినవాళ్లకు ఒంటి వేడి నలభై దాటుతుంది, మతి తప్పుతుంది, బీపీ పడిపోతుంది. తెలుగు జిల్లాల ఐసీయూల్లో ఈ ముగ్గురూ తరచూ కనిపించే మనుషులే. ముగ్గురికీ సోఫా స్కోరు ఎక్కువే, ముగ్గురికీ సెప్సిస్ లేదు. అయితే పురుగుమందు తాగిన మనిషి వాంతి చేసుకుని అది ఊపిరితిత్తుల్లోకి పోతే మూడో రోజుకు నిజంగానే న్యుమోనియా వస్తుంది. అప్పుడు పెరిగిన స్కోరులో విషం వాటా ఎంత, ఇన్ఫెక్షన్ వాటా ఎంత? ఏ యంత్రమూ విడదీసి చెప్పలేదు. మంచం పక్కన నిలబడిన డాక్టరు తన అనుభవంతో తేల్చాలి, ఇద్దరు డాక్టర్లు ఇద్దరూ నిజాయితీగానే వేర్వేరుగా తేల్చవచ్చు.

నెదర్లాండ్స్‌లో రెండు ఐసీయూల్లో ఈ విషయాన్ని ఓపికగా తవ్వి చూశారు. చేరినప్పుడు సెప్సిస్ అని వైద్యం మొదలుపెట్టిన వాళ్ల కేసులను తర్వాత అన్ని రిపోర్టులూ చేతికొచ్చాక మళ్లీ పరిశీలించారు. 13 శాతం మందికి అసలు ఇన్ఫెక్షనే లేదని తేలింది. మరో 30 శాతం మందికి ఉండవచ్చు అన్నంత వరకే చెప్పగలిగారు. ఇది ఆ డాక్టర్ల తప్పు కాదు. సెప్సిస్‌లో ఆలస్యం ప్రాణం తీస్తుంది కాబట్టి అనుమానం రాగానే యాంటీబయాటిక్ ఇవ్వడమే సరైన వైద్యం. కాకపోతే వైద్యం కోసం పెట్టుకున్న అనుమానాన్ని లెక్క కోసం నిర్ధారణగా రాసుకుంటే అంకె ఉబ్బుతుంది.

రోగి రక్తం, కఫం లాంటివాటి నుంచి క్రిమిని పెంచి చూసే కల్చర్ పరీక్ష చేస్తే తేలిపోతుంది కదా అనుకోవచ్చు. 2017 సెప్టెంబర్ 13న 88 దేశాల్లో 1,150 కేంద్రాల్లో, ఒకే రోజున ఐసీయూల్లో ఉన్న 15,202 మందిని లెక్కించిన ఎపిక్ మూడో అధ్యయనంలో 54 శాతం మందికి ఇన్ఫెక్షన్ ఉందని గానీ, ఉన్నట్టు అనుమానమని గానీ రాశారు. వాళ్లలో కనీసం ఒక కల్చర్‌లో అయినా క్రిమి దొరికింది 65 శాతం మందికే. ఆ రోజు యాంటీబయాటిక్ తీసుకుంటున్న వాళ్లు మాత్రం మొత్తం రోగుల్లో 70 శాతం. ఇన్ఫెక్షన్ ఉన్నవాళ్ల కన్నా మందు తీసుకుంటున్నవాళ్లు ఎక్కువ. ఆపరేషన్‌కు ముందు జాగ్రత్తగా ఇచ్చినవీ అందులో ఉంటాయి కాబట్టి తేడా అంతా అనవసర వాడకమని చెప్పలేం. కానీ ఒక సంగతి తెలుస్తుంది. చాలా దేశాల్లో కంప్యూటర్ రికార్డుల నుంచి సెప్సిస్ లెక్క తీసేటప్పుడు "కల్చర్ పంపారు, దగ్గర్లోనే యాంటీబయాటిక్ మొదలుపెట్టారు" అన్న జంటనే ఇన్ఫెక్షన్ అనుమానానికి గుర్తుగా తీసుకుంటారు. కల్చర్ ఖర్చు రోగి బంధువుల జేబులోంచి వచ్చే చోట, ఊళ్లో ఆర్‌ఎంపీ దగ్గరే రెండు రకాల యాంటీబయాటిక్‌లు ఎక్కించుకుని వచ్చే చోట ఈ గుర్తు పనిచేయదు. కల్చర్ పంపరు కాబట్టి కొందరు లెక్కలోకి రారు. పంపినా ముందే వేసిన మందు వల్ల క్రిమి పెరగదు.

ఇక స్క్రబ్ టైఫస్ లాంటివి మామూలు రక్త కల్చర్‌లో పెరగనే పెరగవు. చిన్న పురుగు కుట్టిన చోట నల్లటి పెచ్చు కనిపిస్తే సరే, లేకపోతే వేరే రక్తపరీక్ష చేయాలన్న ఆలోచన రావాలి. డెంగ్యూ, మలేరియా ముదిరి అవయవాలు దెబ్బతిన్నా కొత్త నిర్వచనం ప్రకారం అదీ సెప్సిస్సే, ఎందుకంటే ఏ క్రిమి అన్న షరతు అందులో లేదు. కరోనా కాలంలో వెంటిలేటర్ మీదికి వెళ్లినవాళ్లలో అత్యధికులు ఈ నిర్వచనంలోకి వస్తారు. అయినా కేసు షీటులో "డెంగ్యూ" అని రాసినవాళ్లను సెప్సిస్ కింద వేయాలని డేటా నింపే జూనియర్ డాక్టర్‌కు ఎవరైనా చెప్పారా? ఆ ఒక్క సూచన ఉండటం, లేకపోవడం వానాకాలపు లెక్కను తలకిందులు చేస్తుంది.

ఇంతవరకూ చెప్పింది ఎవరిని సెప్సిస్ అనాలి అన్న గొడవ. అది పూర్తిగా తేలిపోయిందనే అనుకుందాం. అప్పుడు కూడా ఒకే ఐసీయూ రెండు వేర్వేరు జవాబులిస్తుంది, రెండూ నిజాలే. చిన్న లెక్క చేసి చూడవచ్చు. పన్నెండు పడకల ఐసీయూ ఒకటి ఊహించుకోండి. నెలలో వంద మంది చేరారు. ఇరవై మందికి సెప్సిస్, వాళ్లు ఒక్కొక్కరు పది రోజులున్నారు. మిగతా ఎనభై మంది గుండెకు స్టెంట్ వేయించుకున్నవాళ్లు, ఆపరేషన్ తర్వాత ఒకటి రెండు రోజులు గమనించడానికి ఉంచినవాళ్లు. ఒక్కొక్కరు రెండు రోజులున్నారు. సెప్సిస్ వాళ్లు వాడుకున్న పడక రోజులు 200. మిగతావాళ్లవి 160. మొత్తం 360, అంటే పన్నెండు పడకలూ ముప్పై రోజులూ నిండాయి. నెలలో ఏదో ఒక రోజున వెళ్లి పడకలు లెక్కపెడితే సెప్సిస్ వాళ్లు సగటున 56 శాతం. చేరినవాళ్ల రిజిస్టర్ తీసి లెక్కపెడితే 20 శాతం. అబద్ధం ఎక్కడా లేదు. ఎక్కువ రోజులుండేవాళ్లు ఒక్కరోజు లెక్కలో ఎక్కువసార్లు దొరుకుతారు, అంతే.

అందుకే ఒక్కరోజు లెక్కలను చేరికల లెక్కలతో పోల్చడం చెరువులో నీళ్లను కాలవలో పారే నీళ్లతో పోల్చడం లాంటిది. 2012 మే నెలలో 84 దేశాల 730 ఐసీయూల్లో పది రోజుల వ్యవధిలో చేరినవాళ్లను తీసుకుని చూసిన ఐకాన్ అధ్యయనంలో 10,069 మందిలో 29.5 శాతం మందికి చేరేటప్పుడు గానీ, ఉన్నన్నాళ్లలో గానీ సెప్సిస్ ఉంది. 2002లో ఐరోపాలో 198 ఐసీయూల్లో అదే పద్ధతిలో చూస్తే 37 శాతం. మన దేశపు 56 శాతాన్ని వీటి పక్కన పెట్టి "ప్రపంచ సగటుకు రెట్టింపు" అనడం తేలిక, కానీ మనది ఎంచుకున్న రోజున పడకల మీద ఉన్నవాళ్ల లెక్క. నర్సులు ఎందరు కావాలి, పడకలు ఎన్ని కావాలి, యాంటీబయాటిక్ నిల్వ ఎంత ఉండాలి అన్నదానికి ఒక్కరోజు లెక్కే పనికొస్తుంది. జబ్బు పెరుగుతోందా తగ్గుతోందా అన్నదానికి చేరికల లెక్క కావాలి. ఏ పనికోసం అడుగుతున్నామో చెప్పకుండా శాతం ఎంత అని అడిగితే జవాబు రాదు.

ఐసీయూలో ఎవరు చేరతారన్నది మరో విషయం. పడకలు తక్కువున్న చోట బాగా ముదిరినవాళ్లకే పడక దొరుకుతుంది, సెప్సిస్ శాతం దానంతటదే పెరుగుతుంది. పడక దొరకక ఎమర్జెన్సీ వార్డులో స్ట్రెచర్ మీదే రెండు రోజులున్న మనిషికి సెప్సిస్ ఉన్నా "ఐసీయూ రోగుల్లో" లెక్కకు రాడు. ఇష్టపడి ముందుకొచ్చిన ఆసుపత్రులతోనే అధ్యయనం చేస్తే పెద్ద ఊళ్ల కార్పొరేట్ ఆసుపత్రులు, బోధనాసుపత్రులే ఎక్కువగా చేరతాయి. బ్రెజిల్ ఇక్కడ మంచి దారి చూపింది. 2014 ఫిబ్రవరి 27న, దేశంలోని ఐసీయూలన్నిటి నుంచి ప్రాంతం, పరిమాణం, ప్రభుత్వమా ప్రైవేటా అన్నది చూసుకుని చీటీ వేసినట్టు ఎంచిన 227 ఐసీయూల్లో 2,632 మందిని లెక్కపెట్టారు. 30.2 శాతం మందికి సెప్సిస్. వాళ్లలో 55.7 శాతం మంది ఆసుపత్రిలోనే చనిపోయారు. వసతులు తక్కువున్న ఐసీయూల్లో మరణాలు ఎక్కువని కూడా తేలింది. ఆ 55.7 అంకె ఆ దేశంలో చాలామందికి మింగుడుపడి ఉండదు. అయినా అది నమ్మదగిన అంకె, ఎందుకంటే మంచి ఆసుపత్రులను ఏరుకుని తీసిన లెక్క కాదు.

మన దగ్గర మరణాల అంకె దగ్గర ఇంకో బాధ ఉంది. 35 ఐసీయూల అధ్యయనంలో సెప్సిస్ ఉన్నవాళ్లలో 30 రోజుల్లోపు చనిపోయింది 36.3 శాతం. ఏ అధ్యయనానికైనా ఇలాంటి అంకె తేవడం ఎంత కష్టమో ఐసీయూ బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకు తెలుసు. పొలం కుదువ పెట్టి తెచ్చిన డబ్బు అయిపోయాక, ఇక లాభం లేదనుకున్నాక, సంతకం పెట్టి మనిషిని ఇంటికి తీసుకుపోతారు. ఆ కేసు షీటు మీద "వైద్య సలహాకు విరుద్ధంగా వెళ్లారు" అని ఉంటుంది. దారిలోనే అంబులెన్స్‌లో ప్రాణం పోయినా ఆసుపత్రి లెక్కలో అతను బతికి వెళ్లినవాడే. ఇంటికి ఫోన్ చేసి కనుక్కుంటే తప్ప ఈ మరణాలు ఎక్కడా కనిపించవు. ఫోన్ చేయడమనే ఆ పనికి మనిషినీ, గంటలనీ ముందే కేటాయించుకోని అధ్యయనం మరణాల శాతం చెప్పకపోవడమే న్యాయం.

కాగితాల మీద ఆధారపడి లెక్క తీస్తే పరిస్థితి ఇంకా అన్యాయం. మన దేశంలో 2020లో నమోదైన మరణాల్లో డాక్టరు కారణం ధ్రువీకరించినవి 22.5 శాతమే. ధ్రువీకరించిన చోట కూడా "కార్డియో రెస్పిరేటరీ అరెస్ట్" అని రాసి వదిలేసే అలవాటు పోలేదు. గుండె, ఊపిరి ఆగడం చావుకు వర్ణన, కారణం కాదు. బిల్లుల కోసం రాసే జబ్బు పేర్లనూ నమ్మలేం. అమెరికాలో 409 ఆసుపత్రుల 2009 నుంచి 2014 వరకు రికార్డులను రెండు రకాలుగా చూశారు. బిల్లుల కోడ్‌ల ప్రకారం సెప్సిస్ ఏటా పది శాతానికి పైగా పెరిగింది. అదే రోగుల బీపీ మందులు, వెంటిలేటర్, క్రియాటినిన్, కల్చర్ లాంటి వైద్య వివరాలను బట్టి చూస్తే చెప్పుకోదగ్గ పెరుగుదలే లేదు. పెరిగింది సెప్సిస్ అని రాయడం.

ఇంత తేడా ఉన్నప్పుడు లెక్క ఎందుకు అనిపించవచ్చు. లెక్క లేకపోవడం వల్ల నష్టపోయేది రోగే. మన 35 ఐసీయూల అధ్యయనంలో సెప్సిస్‌కు కారణమైన క్రిముల్లో దాదాపు 45 శాతం పలు మందులకు లొంగనివి. ఒక జిల్లా ఐసీయూలో అలాంటి క్రిములు ఎన్ని, వాటిలో బయటి నుంచి వచ్చినవెన్ని, ఐసీయూలోకి వచ్చాకే గొట్టాల ద్వారా, చేతుల ద్వారా అంటుకున్నవెన్ని అన్నది తెలియకుండా మొదటి గంటలో ఏ యాంటీబయాటిక్ వేయాలో తేల్చుకోవడం చీకట్లో రాయి విసరడమే. ఎపిక్ మూడో అధ్యయనంలో ఇన్ఫెక్షన్లలో 22 శాతం ఐసీయూలోనే అంటుకున్నవి. చేతులు కడుక్కోవడం, క్యాథెటర్ అవసరం తీరగానే తీసేయడం లాంటి పనులతో తగ్గించగలిగేవి ఇవే. సెప్సిస్ మొత్తాన్ని ఒకే శాతంలో కలిపేస్తే ఈ ఆశ ఉన్న భాగం కనిపించదు.

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఇలాంటి లెక్క తీయాలనుకుంటే ముందు తేల్చుకోవాల్సింది ఏయే రోజులు అన్నది. సెప్టెంబర్‌లో ఒక్కరోజు చూస్తే డెంగ్యూ, మలేరియా పడకలు నింపేసి ఉంటాయి. నవంబర్, డిసెంబర్‌లలో స్క్రబ్ టైఫస్ వస్తుంది. జనవరి చలిలో ఉబ్బసం, దమ్ము ఉన్న ముసలివాళ్లు న్యుమోనియాతో చేరతారు. మే నెలలో వడదెబ్బ, సెప్సిస్ పక్కపక్క పడకల మీద ఒకే రూపంలో పడుకుని ఉంటాయి. కాబట్టి ఏడాదిలో కనీసం నాలుగు రోజులు కావాలి, ఆ నాలుగూ వారంలో ఒకే రోజు కాకుండా చూడాలి, ఎందుకంటే ముందే నిర్ణయించిన పెద్ద ఆపరేషన్లు ఆదివారం జరగవు, సోమవారం ఐసీయూకూ ఆదివారం ఐసీయూకూ పోలిక ఉండదు. చేర్చుకునేటప్పుడే పాత క్రియాటినిన్ అడిగి రాసుకునే ఒక గడి ఫారంలో ఉండాలి. ఆ గడి ఖాళీగా ఉన్నవాళ్లను సున్నాగా అనుకోకుండా విడిగా చూపించాలి. ఉద్దానం మనిషి ఆ ఖాళీ గడిలోనే ఉంటాడు.